కాదంటేనే కేసు

"తలుపు తియ్యకు. కాఫీ గుమ్మంలో పెట్టి పో."

పడగ్గదిలోంచి రోకో ఫాల్వో గొంతు సగమే వచ్చింది. మిగతా సగాన్ని దగ్గు తినేసింది.

లొరేటా కాఫీ గుమ్మంలో పెట్టలేదు.

"గుమ్మంలో పెట్టడానికి నువ్వేమన్నా పిల్లివా. ముక్కూ మూతీ కట్టుకో, లోపలికొస్తున్నా."

"అంటుకుంటుందే."

"ఆదివారం నీతోపాటు ఒకే గిన్నెలో ముంచుకు తిన్నదాన్ని. అంటుకునేదైతే అప్పుడే అంటుకునేది."

అది నిజమే. ఊరంతా గొంతునొప్పితో మంచాలెక్కుతున్నా, ఆదివారం టమాటా సాస్ పొయ్యిమీద పెట్టాక ఇంటిల్లిపాదీ గిన్నె చుట్టూ చేరి రొట్టె కొసలు ముంచి రుచి చూడటం ఆ ఇంట్లో మానలేదు. యుటికా ఊరి తూర్పు పేటలో ఏ ఇటలీ వాళ్లింట్లోనూ మానలేదు. రోకో తల్లి ముంచింది, తల్లికి తల్లి ముంచింది. ఈ ఆదివారం ఆ ముంచుడే కొంప ముంచింది. ముందు అల్లుడు టెరెన్స్ పడ్డాడు, మర్నాడు రోకో. ఆడవాళ్లిద్దరి జోలికీ వైరస్ రాలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ల జోలికి వెళ్లేముందు ఎవరైనా ఆలోచిస్తారు.

కింది వాటాలో రోకో, లొరేటా. మేడమీద వాటాలో కూతురు మరీసా, ఆమె మొగుడు టెరెన్స్. వంటింటి పైకప్పులో, సరిగ్గా పొయ్యికి ఎగువన, ఇనప జాలీ ఒకటి ఉంది. కింది వేడి పైకి వెళ్లాలని ఇల్లు కట్టినవాళ్లు పెట్టారు. గడిచిన ఆదివారం రాత్రి దాంట్లోంచి వేడికన్నా మరీసా వేడి మాటలే ఎక్కువ ప్రయాణం చేశాయి. మర్నాడు పైనుంచి దానిమీద తివాచీ పడింది.

లొరేటా పడగ్గది తలుపు తీసింది. రోకో దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పిండి పిసికి పిసికి గట్టిపడ్డ చేతులు దుప్పటి మీద ఎవరో మరిచిపోయి వెళ్లినట్టు పడున్నాయి. పక్కన సెల్‌ఫోను మోగుతోంది.

"వాడేనా?" అంది లొరేటా.

"లాయరు. వాడు వీడు అనకు."

రోకో ఫోను పెద్దగా వినిపించేలా నొక్కాడు.

"మిస్టర్ ఫాల్వో, ఎలా ఉన్నారు?"

"జ్వరం."

"చాలా మంచిది." లాయరు హోలిస్టర్ ఒక్క క్షణం ఆగాడు. "అంటే, నా ఉద్దేశం అది కాదు."

అతని ఉద్దేశం అదే. చలికాలం మొదట్లో ఈ వైరస్‌కి కొత్త మందు బొత్తిగా కొంచెమే వచ్చింది. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లకి ముందివ్వమని రాష్ట్రంవాళ్లు డాక్టర్లకి చెప్పారు. వయసు ప్రమాదం, షుగరు ప్రమాదం, ఉబ్బసం ప్రమాదం. ఆ వరసలోనే, తెల్లవాళ్లు కాకపోవడమూ ఒక ప్రమాదంగానే లెక్కపెట్టమన్నారు. రోకో పేపర్లో అది చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, రాజధానిలో ఉన్న హోలిస్టర్‌కి ఫోన్ చేశాడు. అలా పడింది రాష్ట్రంమీద దావా.

దవా అంటే మందు. దానికి ఒక దీర్ఘం తగిలిస్తే దావా అవుతుంది. దావాకి ఆ దీర్ఘం సహజగుణం, ఏడాది సాగినా ఎవరూ ఏమీ అనుకోరు. జ్వరానికి అంత ఓపిక ఉండదు. ఆ మందు జ్వరం తగిలిన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి.

పోయిన నెలలో జడ్జిగారు ఒకటే అడిగారు. మీకు జబ్బు రాలేదు. మీరు మందు అడగలేదు. మీకెవరూ కాదనలేదు. మరి మీకు జరిగిన నష్టమేమిటి? నష్టం లేనివాడికి ఈ కోర్టులో నిలబడే హక్కు లేదు. నష్టమేదైనా ఉంటే చూపించుకుని రండి, అని కొంత గడువిచ్చారు.

ఇప్పుడు రోకోకి నష్టం దొరికింది. నిలబడే ఓపికే పోయింది.

"చేయాల్సింది చాలా చిన్నపని," అన్నాడు హోలిస్టర్. "డాక్టరుకి ఫోన్ చేసి మందు అడగండి. వాళ్లు కాదంటారు. ఎందుకు కాదంటున్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఆ 'కాదు' మనకి కాళ్లు, మిస్టర్ ఫాల్వో. ఆ కాళ్లతో కోర్టులో నిలబడతాం."

"ఇస్తామంటే?" అంది లొరేటా.

"ఎవరు మాట్లాడేది?"

"ఆయన పెళ్లాన్ని. ఇస్తామంటే ఏంచేస్తారు?"

"ఇవ్వరమ్మా. అరవై ఒక్క ఏళ్లు, టీకాలన్నీ వేయించుకున్నారు, ఒంట్లో ఏ జబ్బూ లేదు. వాళ్ల పద్ధతిలో ఈయన వరస చివర్లో ఉంటారు."

ఏ జబ్బూ లేదు అనగానే లొరేటా చెయ్యి తనంతట తానే మంచం ఇనప కమ్మీని తాకింది. రోకో చెయ్యి అవతలి కమ్మీని తాకింది. దిష్టి తగలకుండా ఇనుము ముట్టుకోవడం వాళ్లకి ఊపిరి పీల్చడం లాంటిది. ఎందుకు చేస్తున్నామని అడుక్కోరు.

"ఒకవేళ ఇస్తే?" అని మళ్లీ అడిగింది లొరేటా.

"ఇస్తే..." హోలిస్టర్ మాట వెతుక్కున్నాడు. "ఇస్తే, ఆరోగ్యం బాగుపడుతుంది."

"అదేదో తద్దినం కబురు చెప్పినట్టు చెప్తున్నారేం బాబూ."

"లొరేటా," అన్నాడు రోకో.

"డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఈ ఫోను ఇలాగే ఉంచండి," అన్నాడు హోలిస్టర్. "నేనేం మాట్లాడను. వింటూ ఉంటాను."

లొరేటా ఆ సెల్‌ఫోను తీసుకెళ్లి వంటింటి బల్లమీద ఉప్పుడబ్బాకి ఆనించి నిలబెట్టింది. ఆ కేసులో అప్పటికి నిలబడ్డది అదొక్కటే.

"మిస్టర్ ఫాల్వో, వినపడుతోందండి," అంది పైకప్పు.

అది టెరెన్స్ గొంతు. ప్రపంచంలో రోకోని మిస్టర్ అని పిలిచేవాళ్లు ఇద్దరే. ఒకడు లాయరు, రెండోవాడు అల్లుడు. పెళ్లయిన కొత్తలో ఎలా పిలవమంటారని అల్లుడు అడిగితే, ఆలోచించి చెప్తానన్నాడు రోకో. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. అత్తగారిని మాత్రం టెరెన్స్ పెళ్లిరోజునే 'అమ్మా' అనేశాడు. ఆవిడని ఎవరూ ఆలోచించుకోనివ్వలేదు.

"జాలీమీద తివాచీ ఉండాలే?" అన్నాడు రోకో పడగ్గదిలోంచి.

"తీసేశానండి. కోర్టులో ఏమన్నారో పోయినసారిది పాత పేపర్లో వెతుక్కుని చదువుకోవాల్సి వచ్చింది. ఈసారి స్వయంగా విందామని."

"పేపర్లో నీ గురించి లేదు."

"నల్లవాళ్ల గురించి ఉంది. అద్దంలో చూసుకున్నాను, నేనే అనిపించింది."

టెరెన్స్ సిటీ బస్సు నడుపుతాడు. ఎక్కే ప్రతివాడితోనూ పలకరింపుగా మాట్లాడి, దిగేలోపు నవ్వించే మనిషి. ఆదివారం బల్ల దగ్గర, రొట్టె ముంచుతూ ఉండగా, దావా సంగతి మరీసా నోరుజారాక అతను మామగారితో మాట్లాడటం ఇదే మొదలు. మేడమెట్లమీద మరీసా చెప్పుల చప్పుడు వినబడింది. నాన్న గొంతు విని దిగొస్తోంది.

"నా గొడవ నీతో కాదు," అన్నాడు రోకో. "వరసతో. మా బేకరీలో అంకె చీటీ ఉంటుంది. గుమ్మంలోకొచ్చి చీటీ చింపుకుంటావు. నీ అంకె పిలిస్తే నీకు రొట్టె. మేయరొచ్చినా అంతే, బిషప్పొచ్చినా అంతే. నీ రంగేమిటి, నీ తాత ఏ ఓడ దిగాడు అని నేనడగను. మందుల దగ్గర మాత్రం ఎందుకడగాలి?"

"నాకు ఉబ్బసమండి. అది రాసుకున్నారు. రంగు కూడా రాసుకున్నారు. రెంటిలో దేనికిచ్చారో మాత్రమీద రాయలేదు."

"ఉబ్బసానికిస్తే నాకే అభ్యంతరమూ లేదు."

"మా అమ్మకి ఉబ్బసం లేదు."

పైన మనిషి కదిలి కూర్చున్న చప్పుడైంది.

"ఈ జబ్బు కొత్తగా వచ్చిన వసంతంలో మా అమ్మ ఊపిరాడట్లేదని ఆసుపత్రికెళ్తే, ఇంటికెళ్లి పడుకోమన్నారు. మళ్లీ వెళ్లింది. మళ్లీ పడుకోమన్నారు. మూడోసారి తీసుకెళదామని వెళ్లేటప్పటికి పడుకునే ఉంది. మళ్లీ లేవలేదు. ఆ వరసలో ఆవిడ అంకె ఎంతో నాకెవరూ చెప్పలేదు, మిస్టర్ ఫాల్వో. చీటీ కూడా ఇవ్వలేదు."

రోకో దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"ఆవిడకి జరిగింది తప్పే," అన్నాడు.

"మాకు నష్టం బోలెడంత ఉంది. మీ జడ్జిగారు చూస్తే మాకు నిలబడే హక్కు కూడా ఉందనేవారేమో. నిలబడే ఓపికే లేకపోయింది."

"ఒక తప్పుకి ఇంకో తప్పు మందా?"

"నాకు తెలీదండి. నేను బస్సు నడుపుతాను. నా దగ్గర మాత్రలు సగం మిగిలున్నాయి. జాలీలోంచి వదలమంటారా? తెల్లవాళ్లకి పనిచేస్తాయో లేదో పెట్టెమీద రాయలేదు, అదొక్కటే సందేహం."

వంటింట్లోకి వచ్చిన మరీసా మూతిగుడ్డ సర్దుకుంటూ పైకి చూసింది. "టెరెన్స్, నోరుమూసుకుని పడుకో. నాన్నా, నువ్వూ నోరుమూసుకో. నువ్వు గెలిస్తే మా ఆయన మాత్రలు కక్కాలా? నువ్వోడితే నేను సంతోషించాలా? ఈ ఇంట్లో నేనెవరి కూతుర్నో, ఎవరి పెళ్లాన్నో రోజుకోసారి గుర్తుచేసుకోవాల్సి వస్తోంది."

"నిన్నేమన్నానే?"

"ఏమీ అనలేదు. అదేగా నీతో వచ్చిన చిక్కు. కోర్టులో అన్నీ అంటావు, ఇంట్లో ఏమీ అనవు."

మరీసా అల్మారాలోంచి ఊపిరి లెక్క చూడటానికి వేలికి తగిలించే చిన్న యంత్రం తీసి తండ్రి దగ్గరికి తీసుకెళ్లింది. అంకె చూసి తల్లివైపు తిరిగింది. ఆ అంకెని ఎవరూ పైకి చదవలేదు. పొద్దుటికన్నా తగ్గిందని ఇద్దరి మొహాలూ చదివేశాయి.

"అమ్మా, డాక్టరుకి ఫోన్ చెయ్యి."

"చేస్తాను," అని లొరేటా గోడఫోను దగ్గరికెళ్లి ఆగింది. "రోకో, క్రిస్మస్ ముందురోజు టమాటా రొట్టెలకి మన కొట్టు ముందు వరస వీధి మలుపుదాకా ఉంటుంది కదా."

"ఉంటుంది."

"మిసెస్ స్కల్జో ఏ అంకె చీటీ చింపుతుంది?"

రోకో అవసరానికన్నా ఎక్కువ దగ్గాడు.

"వెనక తలుపు దగ్గరికొస్తుంది. మోకాళ్లు నెప్పి. కడుపుతో ఉన్న ఆ డినార్డో పిల్ల కూడా అక్కడికే వచ్చింది. నిలబడలేనివాళ్లకి వెనక తలుపు. పెట్టింది నువ్వే. మోకాళ్ల ఎక్స్‌రే తీయించుకు రమ్మని ఎవర్నీ అడగలేదు నువ్వు."

"అది వేరు. నేను మోకాళ్లు చూసి ఇచ్చాను. ఒంటిరంగు చూసి కాదు."

"కావచ్చు. కానీ అందరూ వరసలోనే ఉన్నారని కోర్టులో చెప్పకు. నీ కొట్టుకే రెండు తలుపులున్నాయి."

ఇద్దరి మాటల్లోనూ కొంత న్యాయముంది. న్యాయం అలా ముక్కలుగా ఉండటంవల్లే కోర్టులు నడుస్తున్నాయి.

లొరేటా అంకెలు నొక్కింది. డాక్టర్ సెల్మా బెగిచ్ చిన్నప్పుడే బోస్నియా యుద్ధం నుంచి వచ్చి ఆ ఊళ్లో పెరిగిన మనిషి. లొరేటాని ఆవిడే చూస్తుంది. రోకోని ఎవరూ చూడరు. డాక్టరు ముఖం చూడకుండా అరవై దాటానన్నది అతను బేకరీలో రొట్టెతోపాటు ఉచితంగా పంచే మాట.

"ఫోను అందరికీ వినపడేలా పెట్టండి లొరేటా గారూ. ఆయన మాట్లాడగలరా?"

"మాట్లాడగలను," అన్నాడు రోకో లోపలినుంచి. "నాకు ఆ మాత్ర కావాలి."

"సరే. కొన్ని ప్రశ్నలడగాలి. టీకాలు?"

"అన్నీ."

"షుగరు, గుండెజబ్బు, కిడ్నీలు, ఊపిరితిత్తులు, వీటిలో ఏమైనా?"

ఉప్పుడబ్బా దగ్గర ఫోనులో హోలిస్టర్ ఊపిరి వినిపిస్తోంది. ఆ ఇంట్లో ఆ పూట హాయిగా ఊపిరాడుతున్నది అతనొక్కడికే.

లేదు అనే ఒక్క మాట రోకో అనాలి. ఆ తర్వాత డాక్టరు కాదు అనే ఒక్క మాట అనాలి. అంతటితో కాళ్లు మొలుస్తాయి.

ఇలాంటి 'లేదు' రోకో ఇదివరకొకసారి అన్నాడు. హోలిస్టర్ ఆఫీసులో, ప్రమాణం చేసి. అబద్ధం చెప్తున్నానని అతను అనుకోలేదు. వాళ్ల పేటలో జబ్బుని పేరుపెట్టి పిలవరు. పిలిస్తే వచ్చి బల్ల దగ్గర కూర్చుంటుందని భయం. రోకో తల్లి ఫిలోమినాకి వచ్చినదాన్ని ఇంట్లో 'ఆ సంగతి' అనేవాళ్లు. ఆ సంగతి ముందు ఆవిడ పాదం తీసుకుంది, తర్వాత ఆవిడనే తీసుకుంది. చనిపోయాక పేపర్లో వేయించిన కబురులో కూడా 'కొద్దికాలం నలతగా ఉండి' అనే ఉంది. చర్చి హాల్లో ఉచితంగా రక్తం చూసే నర్సు రోకోకి ఏదో చెప్పిన రోజున అతను ఇంటికొచ్చి, "నాకూ ఆ సంగతేనట" అన్నాడు. లొరేటా ఇనుము ముట్టుకుంది. మర్నాటినుంచి కాఫీలో పంచదార మానేసి, చేదు చికోరీ ఆకు ఉడకబెట్టి పెట్టింది. పేరు లేనిది కాబట్టి అది జబ్బు కాలేదు. జబ్బు కాలేదు కాబట్టి ప్రమాణంలోకి రాలేదు.

"ఏమీ లే—" అన్నాడు రోకో.

"ఉంది," అంది లొరేటా.

"ఏముంది?" అంది డాక్టరు.

"ఆ సంగతి."

"ఏ సంగతండీ?"

"ఆయన తల్లికి ఉన్నదే."

"వాళ్లమ్మగారు నాకు తెలీదు లొరేటా గారూ. పేరు చెప్పండి."

"లొరేటా," అన్నాడు రోకో. గట్టిగా అనలేదు. గట్టిగా అనడానికి ఊపిరి లేదు. "ఆ మాట ఈ ఇంట్లో అనకు."

లొరేటా కుడిచెయ్యి పొయ్యి ఇనపపిడిని పట్టుకుని ఉంది. ఆవిడ ఆ చేతిని చూసుకుంది. తర్వాత పిడి వదిలేసింది.

"షుగరు," అంది. "ఆయనకి షుగరుంది. ఏళ్లుగా ఉంది. ఏ మందూ వాడడు."

ఏమీ జరగలేదు. పొయ్యిమీద చికోరీ ఉడుకుతూనే ఉంది.

"షుగరుందా?" డాక్టరు గొంతులో ఆశ్చర్యంకన్నా విసుగెక్కువ. "అయితే ఇంక రంగుతో పనేముంది. ఆయన ఎవరైనా మాత్ర వస్తుంది. మొదటినుంచీ ఆయన వరసలోనే ఉన్నారు."

పైన జాలీ దగ్గర ఎవరో నవ్వబోయి దగ్గారు.

పడగ్గదిలో రోకో కళ్లు మూసుకున్నాడు. చలికాలమంతా తను ఏ తలుపు బయట నిలబడి బాదుతున్నాడో ఆ తలుపుకి గడియే లేదు.

"మిస్టర్ ఫాల్వో," అంది ఉప్పుడబ్బా పక్కనుంచి నెమ్మదైన గొంతు. "ఇది మీకు ముందే తెలుసా? వద్దు. జవాబు చెప్పకండి."

"ఆ మాట్లాడేదెవరు?" అంది డాక్టరు.

"ఎవరూ కాదు," అంది లొరేటా. "మాత్ర రాయండి. మా అమ్మాయి వచ్చి తెచ్చుకుంటుంది."

మరీసా అప్పటికే కోటు వేసుకుంటోంది.

"రాస్తున్నాను. ఒక్కటే ప్రశ్న, ఇది ముఖ్యం. ఇప్పుడు వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేవు," అంది లొరేటా. "చేదాకు తింటాడు."

"ఖాయమేనా?"

"నా మొగుడండీ. నాకు తెలీదా?"

పడగ్గదిలోంచి టక్ మని చప్పుడైంది. మళ్లీ టక్. రోకో ఉంగరంతో మంచం కమ్మీని కొడుతున్నాడు.

"డాక్టర్ని ఉండమను," అన్నాడు.

అతను లేచాడు. గోడ పట్టుకున్నాడు, గుమ్మం పట్టుకున్నాడు, వంటింట్లోకొచ్చి కుర్చీ వీపు పట్టుకున్నాడు. మరీసా ఒక చెయ్యి కోటులో ఉండగానే ఆగిపోయింది.

"బేకరీలో ఫ్రిజ్‌లో," అన్నాడు పెళ్లాం వంక చూడకుండా, "ఈస్టు డబ్బా వెనకాల ఒక సీసా ఉంది."

"ఏం సీసా?" అంది లొరేటా.

"మాత్రలు. గుండెకి. అది... దరువు తప్పుతోందట."

ఇంట్లో దరువు వేస్తున్నది గోడ గడియారం ఒక్కటే.

"ఎవరిచ్చారు?"

"సిరాక్యూస్‌లో ఒక డాక్టరు. వసంతం నుంచి."

"సిరాక్యూస్‌కి పిండి కొనడానికి వెళ్తున్నావనుకున్నా."

"పిండీ కొన్నాను."

లొరేటా కుర్చీలో కూర్చుంది. షుగరు మాట పైకి అన్నందుకు తానే ఇంటికి ద్రోహం చేశానని అంతవరకూ అనుకుంటోంది. ఇప్పుడు ఆ అనుకున్నదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లో పట్టుకున్నట్టు కూర్చుంది.

"ఆ మందు పేరు చెప్పగలరా?" అంది డాక్టరు.

రోకో చెప్పాడు. పలకడం కష్టమైన పేరు. అంత తడుముకోకుండా చెప్పాడంటే చాలాసార్లు ఒంటరిగా చదువుకున్నాడని వింటున్నవాళ్లందరికీ అర్థమైంది.

అవతల డాక్టరు ఏదో కాగితం తిరగేసింది.

"మంచిపని చేశారు చెప్పి," అంది చివరికి. "అది వాడుతూ ఈ మాత్ర వేసుకుంటే గుండె ఆగిపోవచ్చు. నేను రాయలేను."

"దాన్ని ఇవాళే మానేస్తాను."

"మానేసినా లాభం లేదు. ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది."

రోకో చలికాలమంతా ఎదురుచూసిన మాట వచ్చింది. కాదు అన్నారు. రంగు చూసి కాదు, గుండె చూసి. గుండెమీద దావా వేసే కోర్టు ఆ ఊళ్లో లేదు.

"మరిప్పుడేంటి?" అంది మరీసా.

"ఇంకోటుంది. నరంలోకి ఎక్కించేది. గుండెమందుతో గొడవ లేదు. కానీ అది పెద్దాసుపత్రిలోనే ఉంది, ఈ చుట్టుపక్కల మొత్తానికి కొంచెమే వచ్చింది. నేనివ్వలేను. పేరు పంపిస్తాను, ఎవరికివ్వాలో వాళ్లు తేలుస్తారు. ఇంకాసేపట్లో ఫోన్ చేస్తారు. ఊపిరి ఇంకా తగ్గితే ఆగకండి, నేరుగా తీసుకెళ్లిపోండి."

"ఎలా తేలుస్తారు?" అన్నాడు రోకో.

"వయసు, జబ్బులు, టీకాలు..."

"ఇంకా?"

డాక్టరు గొంతు సవరించుకుంది. "అన్నీ చూస్తారండి."

"చెప్పండి డాక్టరుగారూ," అంది పైకప్పు. "ఈ ఇంట్లో అందరికీ తెలిసిందే."

డాక్టరు చెప్పలేదు. పేరు ఇప్పుడే పంపిస్తున్నానని ఫోను పెట్టేసింది.

హోలిస్టర్ అప్పుడు మాట్లాడాడు. గొంతులో కొత్త ఉత్సాహం. "మిస్టర్ ఫాల్వో, నిజానికి ఇది ఇంతకుముందుకన్నా మెరుగు. ఆ ప్రమాణం సంగతి నేను సర్దుతాను. ఇప్పుడు మీకు జబ్బుంది, మందు అవసరముంది, మందు నిజంగానే తక్కువగా ఉంది. వాళ్లు కాదని, మీకన్నా తక్కువ జబ్బున్న ఇంకొకరికిస్తే, అంతకన్నా స్పష్టమైన నష్టం ఏ జడ్జీ చూసి ఉండడు."

"నష్టమంటే?" అన్నాడు రోకో.

"న్యాయశాస్త్రం ప్రకారం..."

"నేను రొట్టెలు చేసుకునేవాణ్ణి. మామూలు మాటల్లో చెప్పండి. వాళ్లు కాదంటే నాకు జరిగేదేమిటి?"

సెల్‌ఫోను మాట్లాడలేదు. జబ్బుని పేరుపెట్టి పిలవకపోవడం ఒక్క యుటికా ఇటలీ వాళ్లకే ఉన్న అలవాటు కాదని తేలిపోయింది.

లొరేటా చెయ్యి చాచి దాని నోరు నొక్కేసింది.

"కూర్చో," అంది.

రోకో కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనేమోనని అతనికి అనుమానంగా ఉంది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"మిస్టర్ ఫాల్వో," అన్నాడు టెరెన్స్. వేళాకోళం పోయింది గొంతులో. "కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని ముందుకి వంగి కూర్చోండి. మోచేతులు మోకాళ్లమీద పెట్టుకోండి. నాకలాగే కాస్త ఊపిరాడింది."

రోకో పైకి చూశాడు. జాలీ వెనక చీకట్లో మనిషి కనబడలేదు. కానీ చెప్పినట్టే కిటికీ దగ్గర వంగి కూర్చున్నాడు. బయట వీధిలో మంచు ఎత్తే బండి వెళ్తోంది. అతని వీపు లేచి పడుతుంటే మరీసా దానిమీద చెయ్యివేసి ఉంచింది.

"టెరెన్స్," అన్నాడు కాసేపటికి, నేలకేసి చూస్తూ. "అక్కడ నా పేరూ నీ పేరూ పక్కపక్కన ఉండి, ఒక్కటే సీసా మిగిలితే?"

పైన గ్లాసు నేలమీద పెట్టిన చప్పుడైంది.

"నాకు మాత్ర దొరికిందిగా. నన్నెందుకడుగుతారు," అన్నాడు టెరెన్స్. "నా పేరు బదులు మా అమ్మ పేరుండుంటే ఏమయ్యేదో అడగండి."

రోకో అడగలేదు.

గోడఫోను మోగింది.

ముగ్గురూ దానివైపు చూశారు. లొరేటా లేచి దాని దగ్గరికెళ్లింది గానీ ఎత్తలేదు.

"ఔనంటే నీ కేసు పోతుంది," అంది. "కాదంటే..."

ఇందాక అంత ధైర్యంగా ఒక పేరు పలికిన మనిషి, దీని పేరు పలకలేదు.

"నీకే మాట కావాలి, రోకో? చెప్పు. ఫోనెత్తేముందు నాకు తెలియాలి."

రోకో నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. చెయ్యి చాచి, కిటికీ పక్కనున్న పొయ్యి ఇనపపిడిని పట్టుకున్నాడు. దానిమీద అప్పటికే మరీసా చెయ్యి ఉంది.

ఫోను మళ్లీ మోగింది.

పైన, ఇనప జాలీమీద, ఒక వేలు ఆనిన చప్పుడైంది.

లొరేటా ఫోనెత్తింది.